రక్షణ గ్రాంటు ఫైలు మీ టేబుల్ మీదికొస్తే

"ఐడెక్స్‌లో మనమూ ఒకటి వేద్దాం, నువ్వు చూసుకో" అని ఓనర్ అన్నారంటే ఆ ఫైలు ఇక మీదే. జడ్చర్ల నుంచి షాద్‌నగర్ దాకా హైవే పొడుగునా ఉన్న చిన్న యూనిట్లలో ఈ పనికి విడిగా మనిషి ఉండడు. డిజైన్ ఇంజినీర్‌కో, క్వాలిటీ చూసేవారికో, అకౌంట్స్‌లో ఇంగ్లిష్ కాస్త బాగా రాసేవారికో అదనంగా తగులుతుంది. జీతం పెరగదు, గడువు మాత్రం పోర్టల్‌లో తేదీతో సహా ఉంటుంది. కాదనే వీలు చాలామందికి ఉండదు. కొందరికి కాదనాలనీ ఉండదు, ఎందుకంటే రక్షణ రంగం ప్రాజెక్టు నడిపానని రెజ్యూమెలో ఒక లైను పడితే రేపు హైదరాబాద్‌లో దాని విలువ వేరు. అందుకని వేయాలా వద్దా అన్న చర్చ పక్కనపెట్టి, ఎక్కడ తేడా కొడుతుందో చూద్దాం.

ముందు ఏ డబ్బు కోసం వెళ్తున్నారో తేల్చుకోండి. కొత్త రక్షణ ఉత్పత్తులు తయారుచేసే చిన్న కంపెనీలకు గ్రాంటు ఇచ్చేందుకు రక్షణ శాఖ 2018 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన ఐడెక్స్‌ను డిఫెన్స్ ఇన్నోవేషన్ ఆర్గనైజేషన్ నడుపుతుంది. హెచ్‌ఏఎల్, బీఈఎల్ కలిసి పెట్టిన లాభాపేక్ష లేని కంపెనీ అది. మామూలు ఐడెక్స్ గ్రాంటు గరిష్ఠంగా 1.5 కోట్లు, ఐడెక్స్ ప్రైమ్‌లో 10 కోట్లు, 2024లో వచ్చిన అదితిలో 25 కోట్లు. వీటిలో ప్రభుత్వం భరించేది అభివృద్ధి ఖర్చులో సగం వరకే, మిగతా సగం మీరు పెట్టుకోవాలి. డీఆర్‌డీఓ చేతిలోని టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్ దారి వేరు. అది ఖర్చులో 90 శాతం దాకా ఇస్తుంది, దాని పరిమితి 2022లో 10 కోట్ల నుంచి 50 కోట్లకు పెరిగింది. కానీ తయారైనదాని ఐపీలో డీఆర్‌డీఓకూ వాటా ఉంటుంది. 90 అన్న అంకె చూడగానే ఓనర్లు అటు మొగ్గుతారు, ఐపీ క్లాజు మాత్రం సంతకాల రోజున చదువుతారు. ఆ వరుస మార్చండి. స్కీమ్ పొడిగించినప్పుడల్లా పరిమితులు మారుతుంటాయి కాబట్టి తాజా మార్గదర్శకాలు దించుకుని, దించిన తేదీ రాసి ఫైల్లో పెట్టుకోండి. నిరుడు ఎవరో వాట్సాప్‌లో పంపిన పీపీటీని నమ్ముకుని బడ్జెట్ వేయొద్దు.

"పాలమూరు వెనకబడిన జిల్లా కదా, కోటా ఏమైనా ఉంటుందేమో" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. లేదు. 2018–19 బడ్జెట్‌లో ప్రకటించిన రెండు డిఫెన్స్ కారిడార్లూ ఉత్తరప్రదేశ్‌కు, తమిళనాడుకు వెళ్లాయి. పరీక్షా కేంద్రాలు కట్టడానికి 75 శాతం దాకా గ్రాంటు ఇచ్చే 2020 నాటి స్కీమ్ కింద వచ్చినవీ ఎక్కువగా ఆ రెండు చోట్లే. మనకున్న లాభమల్లా హైదరాబాద్ దగ్గర కావడం. మహబూబ్‌నగర్ నుంచి వంద కిలోమీటర్ల దూరంలో బీడీఎల్, మిధాని, డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, డీఎంఆర్‌ఎల్ లాంటి రక్షణ సంస్థలు, ల్యాబ్‌లు ఉన్నాయి. ఐడెక్స్‌కు పార్ట్‌నర్ ఇంక్యుబేటర్‌గా టీ-హబ్ ఉంది. నమూనా చేసుకోవడానికి 2023 నుంచి టీ-వర్క్స్ ఉంది. పొద్దున బస్సెక్కి వెళ్లి పని చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు. ఈ సౌలభ్యాన్ని ప్రపోజల్‌లో రెండు లైన్లు వర్ణించడానికి కాకుండా, ప్రపోజల్ రాయకముందే నలుగురిని కలవడానికి వాడుకోండి.

ఎందుకంటే తిరస్కరణల్లో పెద్ద భాగం అలా ముందుగా కలవకపోవడం దగ్గరే మొదలవుతుంది. ఐడెక్స్ దరఖాస్తులు పిలిచేది ఛాలెంజ్‌ల పేరుతో. ఛాలెంజ్‌లో సమస్యను రాసేది సైన్యమో, నౌకాదళమో, వైమానిక దళమో. మనం రాసేది మాత్రం మన షాపులో ఇప్పటికే ఉన్న వస్తువు గురించి. రెండింటినీ అతికించి పంపితే కమిటీలో కూర్చున్న యూనిఫాం మనిషి మొదటి ప్రశ్నకే పట్టేస్తాడు. సమస్య ప్రకటనలో ప్రతి వాక్యానికీ ఎదురుగా మీ దగ్గర కొలిచిన అంకె ఒకటి రాసుకోండి. కొలవనిచోట ఖాళీ వదలండి. సగానికి పైగా ఖాళీలే మిగిలితే ఆ ఛాలెంజ్ మీది కాదు. మీ వస్తువు మీద నిజంగా నమ్మకం ఉంటే ఓపెన్ ఛాలెంజ్ ఉంది, అక్కడ సమస్యను మీరే ప్రతిపాదించొచ్చు. అయితే అక్కడ "ఇది ఎవరికి కావాలి?" అన్న ప్రశ్న ఇంకా గట్టిగా పడుతుంది.

ఇక డబ్బు. అసలు దెబ్బ ఇక్కడే. ఒక లెక్క వేసి చూద్దాం. జడ్చర్లలో బ్యాటరీ ప్యాకులు చేసే ఒక యూనిట్ అనుకోండి. చలి ప్రాంతాల్లో ఎగిరే డ్రోన్‌కు ప్యాక్ చేస్తామని ప్రపోజల్ వేసి నెగ్గింది. 18 నెలల ప్రాజెక్టు, ఖర్చు 2 కోట్లు, గ్రాంటు కోటి, 25 లక్షల చొప్పున నాలుగు విడతలు. ఐదుగురి జీతాలు నెలకు 2.5 లక్షలు, మొత్తం 45 లక్షలు. సెల్స్, బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్) బోర్డులు, ఇతర మెటీరియల్‌కు 60, టూలింగ్‌కు 40, టెస్టింగ్‌కు 35, ట్రయల్స్‌కు ప్రయాణాలకు 20 లక్షలు. కాగితం మీద అంతా సరిపోయింది.

మొదటి విడత ఒప్పందంతో వచ్చింది. రెండోది రావాలంటే మైల్‌స్టోన్ పూర్తయిందని రివ్యూలో తేలాలి. రివ్యూ చేయాల్సిన నోడల్ ఆఫీసర్‌కు ఈలోగా బదిలీ అయింది. కొత్తాయన చార్జి తీసుకుని, ఫైలు చదివి, తేదీ ఇచ్చేసరికి మూడు నెలలు పట్టింది. ఇందులో ఎవరినీ తిట్టడానికి లేదు, ఆ ఉద్యోగంలో బదిలీలు మామూలే. కానీ ఆ మూడు నెలలూ జీతాలు ఆగవు. 7.5 లక్షలు అక్కడ పోయాయి. తర్వాతి దశకు కావాల్సిన సెల్స్‌కు లీడ్ టైమ్ ఎక్కువ, విడత పడకముందే 15 లక్షలు అడ్వాన్సు కట్టాలి. మొత్తం 22.5 లక్షలు. ఇందులో 7.5 లక్షలు బడ్జెట్‌లోనే లేవు, 15 లక్షలు ఉన్నాయి గానీ చేతికి రాలేదు. ఇదంతా మీ వాటాగా పెట్టాల్సిన కోటికి పైన.

"ఎంఎస్‌ఎంఈలకు 45 రోజుల్లో కట్టాలని చట్టం ఉంది కదా" అంటారు. 2006 చట్టంలోని ఆ గడువు మీరు సరఫరా చేసిన సరుకుకు, సేవకు. గ్రాంటు విడత సరఫరా బిల్లు కాదు. అందుకే దరఖాస్తుకు ముందే ఓనర్‌తో ఒక మాట తేల్చుకోండి: మూడు నాలుగు నెలల ఖర్చుకు సరిపడా ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) లిమిట్ బ్యాంకులో ఉందా, దాన్ని ఈ ప్రాజెక్టుకు వాడనిస్తారా? ఇంకొకటి, "మన వాటా కింద షెడ్డు, పాత లేత్‌లు చూపిద్దాంలే" అన్న ఆలోచన. మ్యాచింగ్ వాటా కింద ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నది ఇంక్యుబేటర్‌ను మెయిల్‌లో అడిగి, జవాబు మెయిల్‌లోనే తెచ్చుకోండి. ఫోన్‌లో చెప్పింది ఆడిట్‌లో పనికిరాదు. ప్రాజెక్టుకు విడిగా బ్యాంకు ఖాతా పెట్టించండి. గ్రాంటు డబ్బు పడిన వారంలోనే దసరా బోనస్‌కు సర్దుబాటు చేసి "తర్వాత వేసేద్దాం" అనే అలవాటు మన చిన్న కంపెనీల్లో బాగా ఉంది. అలా చేస్తే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇచ్చే రోజున సీఏ సంతకం పెట్టడు, తర్వాతి విడత ఆగిపోతుంది.

సాంకేతిక భాగంలో నన్ను ఎక్కువ భయపెట్టేది విశేషణాలు. ప్రపోజల్‌లో ఊపులో రాసిన ప్రతి మాటా తర్వాత మైల్‌స్టోన్‌గా, టెస్ట్ పాయింట్‌గా తిరిగొస్తుంది. అడిగింది మైనస్ 20 డిగ్రీలైతే, గొప్పగా ఉంటుందని మైనస్ 40 అని రాసి పంపారనుకోండి, ఆ ఇరవై డిగ్రీల కోసం సెల్ మార్చాలి, హీటర్ పెట్టాలి, బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే ఎగిరే సమయం తగ్గుతుంది. దివిటిపల్లిలో అమర రాజా లిథియం ప్లాంటుకు 2023 మేలో శంకుస్థాపన అయినప్పటి నుంచి "సెల్స్ పక్కూరి నుంచే" అని రాయాలన్న ఉబలాటం మన దగ్గర మొదలైంది. మీకు కావాల్సిన కెమిస్ట్రీ, మీకు కావాల్సిన సైజు, మీకు కావాల్సిన నెలలో అమ్ముతామని వాళ్ల నుంచి కాగితం ఉంటేనే రాయండి.

విడిభాగాల మూలం ఇంకా సున్నితమైన విషయం. చైనా భాగాలున్నాయన్న కారణంతో సైన్యానికి ఇవ్వాల్సిన 400 డ్రోన్ల కాంట్రాక్టులు 2025 ఫిబ్రవరిలో రద్దయ్యాయి. ఢిల్లీ ట్రేడర్ ఇచ్చిన జీఎస్టీ ఇన్‌వాయిస్ ఆ భాగం ఎక్కడ తయారైందో చెప్పదు. బీఎంఎస్ బోర్డు మనమే చేస్తున్నాం అంటే సరిపోదు, దాని మీద కూర్చున్న చిప్, కనెక్టర్, ఫర్మ్‌వేర్ ఎక్కడివో బీఓఎం (విడిభాగాల జాబితా)లో ఒక్కో లైనుకూ రాసి ఉండాలి. ఈ పని మొదటి నెలలో చేస్తే రెండు రోజులు, చివర్లో చేస్తే డిజైనే మారుతుంది.

టెస్టింగ్‌కు జేఎస్‌ఎస్ 55555, ఈఎంఐకి మిల్-ఎస్‌టీడీ-461 లాంటి ప్రమాణాలు అడుగుతారు. ల్యాబ్‌లో స్లాట్ ముందుగా బుక్ చేయండి, ఒకసారి ఫెయిలైతే మళ్లీ వెళ్లడానికి డబ్బూ సమయమూ బడ్జెట్‌లో పెట్టండి. రిపోర్టు చేతికి రాగానే ఫలితం కంటే ముందు మొదటి పేజీ చూడండి. మీరు పంపిన ప్యాక్ మీద పీబీ-05 అని ఉంటే, రిపోర్టులో పీబీ-03 అని పడిందనుకోండి. వైబ్రేషన్, థర్మల్ అన్నీ పాసైనా ఆ రిపోర్టు మీ ప్యాక్‌ది కాదు. ల్యాబ్ కౌంటర్ దగ్గరే నిలబడి సరిచేయించుకుంటే పది నిమిషాల పని. రివ్యూలో బయటపడితే విడత ఇంకో నెల వెనక్కి.

ప్రకటన వచ్చిన వారానికే "ఢిల్లీలో మనవాళ్లున్నారు, సాంక్షన్ మీద ఐదు శాతం" అంటూ ఒకాయన ఆఫీసుకు వస్తాడు. రాయడంలో సాయం చేసే కన్సల్టెంట్‌కు నిర్ణీత ఫీజు, బిల్లు, టీడీఎస్‌తో ఇవ్వడం వేరు. ఫలితం మీద కమీషన్ వేరు. రక్షణ కొనుగోళ్ల ఒప్పందాల్లో ఏజెంట్ కమీషన్ బయటపడితే కాంట్రాక్టు పోతుంది, కంపెనీపై నిషేధమూ పడొచ్చు. ఆయన ఓనర్‌కు బంధువైనా సరే, ఆ మీటింగ్ మినిట్స్‌లో మీ పేరు ఉండకుండా చూసుకోండి.

మీ సంగతీ చూసుకోవాలి. ప్రాజెక్ట్ లీడ్‌గా మీ పేరు పోర్టల్‌కు ఎక్కితే మధ్యలో వేరే ఉద్యోగం వచ్చినా కదలడం కష్టం, కదిలితే కంపెనీకి వివరణ ఇవ్వాల్సిన అవస్థ. పేరు ఇచ్చేముందే ప్రాజెక్టు కాలానికి జీతం, హోదా మాట్లాడుకోండి. నెగ్గిన తర్వాత అడిగితే "ఇప్పుడేంటి ఇది" అంటారు. స్పెక్ మార్పులు, ఖర్చు మళ్లింపులు నోటిమాటగా చెబితే సాయంత్రానికి "మీరు చెప్పినట్లు…" అని ఒక మెయిల్ కొట్టండి. వాడబోయే దళం ఇచ్చిన డ్రాయింగులు, ట్రయల్ వివరాలు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తిరగనివ్వొద్దు.

ప్రోటోటైప్ పాసైన రోజున స్వీట్లు పంచుతారు. పంచుకోండి, కానీ అది ఆర్డర్ కాదు. వాడబోయే దళం వాళ్లు అవసరమని ఒప్పుకోవాలి, ఆ ఆమోదం తర్వాతే కొనుగోలు కదులుతుంది, ఎన్ని కొంటారో అప్పుడే తెలుస్తుంది. ఈలోగా కంపెనీని నిలబెట్టేది వేరే ఆదాయమే. ఉమ్మడి నల్లగొండలో పెద్దకందుకూరులో ఫ్యాక్టరీ ఉన్న ప్రీమియర్ ఎక్స్‌ప్లోజివ్స్ 1980లో గనులకు పేలుడు పదార్థాలతో మొదలై, ఆ వ్యాపారం మీద నిలబడి, తర్వాతే క్షిపణుల ఘన ఇంధనం దాకా వచ్చింది. మన బ్యాటరీ యూనిట్‌కైతే స్ప్రే డ్రోన్లున్నాయి. నమో డ్రోన్ దీదీ కింద మహిళా సంఘాలకు 15,000 డ్రోన్లు ఇవ్వాలని కేంద్రం 2023లో పథకం పెట్టింది. అదే ప్యాక్‌ను చిన్న మార్పులతో అక్కడ అమ్మగలమా అన్నది డిజైన్ మొదటి వారంలోనే అడగాల్సిన ప్రశ్న.

ఇవన్నీ ఓనర్‌కు నోటితో చెబితే నిరుత్సాహపరుస్తున్నారనుకుంటారు. ఒక పేజీ నోట్ పెట్టండి. మన వాటా ఎంత, విడత ఆలస్యమైతే అదనంగా ఎంత కావాలి, ఏ స్పెక్ ఇంకా కొలవలేదు, ఆర్డర్ రాకపోతే ఈ వస్తువు ఎవరికి అమ్ముతాం. కింద ఆయన సంతకానికి చోటు, తేదీకి చోటు వదలండి. సంతకం పడ్డాకే పోర్టల్‌లో లాగిన్ అవ్వండి.