ఇంజను ఎందుకు ఆగింది?



ప్రత్తిపాడు, పెదనందిపాడు, చిలకలూరిపేట, పర్చూరు ప్రాంతాల్లో పత్తికీ, మిరపకూ మందు కొట్టే రోజుల్లో ఇంటి కూలి ఇంజను మీదే ఆధారపడి ఉంటుంది. మన హాస్టల్ పిల్లల్లో చాలామంది నాన్నలు, అన్నలు వీపున తైవాన్ స్ప్రేయర్ వేసుకుని పని చేసేవారే. చేలో ఇంజను ఆగితే ఆ పూట కూలి పోయినట్లే. అందుకే ఈ పాఠం.

ఇంజనుకు కావలసినవి మూడే

1876లో జర్మనీకి చెందిన నికోలస్ ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజనును నడిపి చూపాడు. పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం - ఇవే ఆ నాలుగు. స్ప్లెండర్ వంటి బండ్లు ఈ రకమే. స్ప్రేయర్లలో రెండు స్ట్రోకులవి ఎక్కువ. ఏ రకమైనా సరే, గాలి కలిసిన పెట్రోలు, నిప్పురవ్వ, ఒత్తిడి ఉంటేనే నడుస్తుంది. ఆగిందంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి తగ్గిందన్నమాట. ముందే నట్లన్నీ విప్పకుండా వరుసగా వెతకాలి.

1. పెట్రోలు: కాక్ తెరిచి ఉందా చూడండి. కాసేపు నడిచి దగ్గుతూ ఆగితే ట్యాంకు మూత వదులు చేయండి. మళ్ళీ నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం.

2. నిప్పురవ్వ: నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా ఆగితే ముందు దీన్నే అనుమానించాలి. ప్లగ్గు విప్పి, క్యాపు తగిలించి, ప్లగ్గు లోహభాగాన్ని ఇంజనుకు ఆనించి కిక్ కొట్టండి. నీలం రవ్వ గట్టిగా రావాలి. పెట్రోలు ఒలికిన చోట, ప్లగ్గు రంధ్రం దగ్గర ఈ పరీక్ష చేయకూడదు, మంట అంటుకుంటుంది.

3. ఒత్తిడి: కిక్ గానీ, స్ప్రేయర్ తాడు గానీ బరువు లేకుండా వచ్చేస్తుంటే రింగులో, వాల్వులో అరిగి ఉంటాయి. ఇది షెడ్డులో చేయించాల్సిన పని.

ప్లగ్గు చెప్పే కబురు

ప్లగ్గు మొన గోధుమ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్లు. పొడిగా, మసి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. మన నల్లరేగడి దుమ్ముకు ఎయిర్ ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది, ముందు అది చూడాలి. స్పాంజి ఫిల్టరైతే సబ్బునీళ్ళతో కడిగి బాగా ఆరబెట్టాలి. కాగితం ఫిల్టరును కడగకూడదు, మార్చాలి. ప్లగ్గు తెల్లగా మాడితే ఇంజను వేడెక్కుతున్నట్లు.

ఆయిల్ కొలత

రెండు స్ట్రోకుల ఇంజనుకు అడుగున వేరే ఆయిల్ ఉండదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టన్‌ను కాపాడుతుంది. 25:1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అంటే 20. మిషను పుస్తకంలో ఉన్న కొలతే వాడాలి. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే పొగ గొట్టంలో మసి పేరుకుని బలం తగ్గుతుంది. నాలుగు స్ట్రోకుల బండి పెట్రోలులో మాత్రం ఆయిల్ కలపకూడదు.

ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీలుస్తుంది. మిరప కోతలయ్యాక స్ప్రేయర్ నెలల తరబడి మూలన పడి ఉంటుంది. దాచే ముందు ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో మిగిలింది అయిపోయేదాకా నడపండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త మోటారు సైకిళ్ళలో చాలావాటికి కార్బొరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. వాటి వైర్లు మనం కెలకరాదు.

ప్రాణానికి సంబంధించిన మాట

ఇంజను వేడిగా ఉండగా పెట్రోలు పోయవద్దు. మందు నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదవద్దు. ఆ పురుగుమందు నేరుగా మన ఒంట్లోకి పోతుంది. నీళ్ళలో కడిగి, పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయాలి. ఈ ఒక్క మాట ఇంట్లో తప్పకుండా చెప్పండి.

తమ్ముళ్ళారా! పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో మెకానిక్ డీజిల్ ఒక ఏడాది, మోటారు వెహికల్ మెకానిక్ రెండేళ్ళ కోర్సులున్నాయి. పుస్తకంలో చదివిన పాఠాన్ని చేతిలోకి తెచ్చుకున్నవాడికి పని వెతుక్కుంటూ వస్తుంది. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న స్ప్రేయర్ ప్లగ్గు ఒకసారి విప్పి, దాని రంగు చూడండి.