తెరను చదివే గొంతు మూగబోతే...

కంప్యూటర్‌లో పాట వినిపించకపోతే చూపున్నవారికి అది చిన్న చికాకు. తెర మీద స్పీకర్ బొమ్మను వెతికి, మౌస్‌తో నాలుగు నొక్కులు నొక్కి సరిచేసుకుంటారు. స్క్రీన్ రీడర్‌తో పనిచేసే అంధులకు మాత్రం శబ్దం పోవడమంటే తెర మొత్తం ఆరిపోయినట్టే. సమస్యను వెతకడానికి కావలసిన సాధనమే ఆ సమస్యలో చిక్కుకుపోతుంది. ఆన్‌లైన్ పరీక్ష మధ్యలోనో, బ్యాంకు సైట్‌లో ఓటీపీ గడువు కరిగిపోతున్నప్పుడో ఇలా జరిగితే పక్కవారిని పిలవక తప్పదు. పిలిస్తే ఖాతా వివరాలు వారి కంట పడతాయి.

అయితే ఈ నిశ్శబ్దాలన్నీ ఒక రకం కావు. మాట ఏ దారిన చెవికి చేరుతుందో తెలిస్తే, అది ఎక్కడ ఆగిందో చాలాసార్లు ఒంటరిగానే కనిపెట్టవచ్చు.

మాట నడిచే దారి

స్క్రీన్ రీడర్ తెరను ఫొటో తీసి చదవదు. ప్రతి ప్రోగ్రాము తన బటన్లు, పెట్టెలు, జాబితాల గురించి ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక వివరణ ఇస్తుంది. దాని పేరేమిటి, అది బటనా లింకా, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది అన్నవి అందులో ఉంటాయి. స్క్రీన్ రీడర్ ఆ వివరణను తీసుకుని వాక్యంగా మారుస్తుంది. స్పీచ్ సింథసైజర్ ఆ వాక్యాన్ని ధ్వని తరంగాన్ని సూచించే అంకెలుగా మారుస్తుంది. విండోస్ ఆడియో వ్యవస్థ ఆ అంకెలను మిగతా శబ్దాలతో కలిపి సౌండ్ డ్రైవర్‌కు అందిస్తుంది. చివరికి స్పీకరో, ఇయర్‌ఫోనో వాటిని గాలిలో కంపనాలుగా మారుస్తుంది.

ఈ గొలుసులో ఏ లంకె తెగినా వినేవారికి తెలిసేది ఒక్కటే: మాట రాలేదు. అందుకే ముందుగా చేయాల్సింది మరమ్మతు కాదు, తెగిన లంకెను గుర్తించడం.

ఇక్కడ ఉదాహరణలకు ఎన్‌వీడీఏను తీసుకుందాం. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అనే అంధ యువకుడు 2006లో మొదలుపెట్టిన ఉచిత స్క్రీన్ రీడర్ ఇది. దీని కమాండ్లలో ‘ఎన్‌వీడీఏ కీ’ అంటే మామూలుగా ఇన్సర్ట్ కీ. క్యాప్స్‌లాక్‌ను కూడా అలా పెట్టుకోవచ్చు.

పూర్తి నిశ్శబ్దమైతే మూడు పరీక్షలు

మొదటిది, ఇన్సర్ట్‌తో ఎస్ నొక్కడం. ఇది మాటను ఆపే, మళ్లీ మొదలుపెట్టే కమాండ్. వేరే కీ కోసం వెళ్లిన వేలు దీని మీద పడితే మాట ఆగిపోతుంది. ఇందులో ఒకటి కంటే ఎక్కువ స్థితులు ఉంటాయి కాబట్టి, మాట తిరిగి వచ్చేదాకా ఒక్కోసారి నొక్కుతూ, ప్రతిసారీ ఒక క్షణం ఆగి వినాలి.

రెండోది, కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కి ఎన్‌వీడీఏను తిరిగి ప్రారంభించడం. ఇది మొదలవుతూ చిన్న స్వరం వినిపిస్తుంది. ఆ స్వరం ముందే రికార్డు చేసిన ఫైలు. దానికి సింథసైజర్‌తో పనిలేదు. స్వరం వినిపించి మాట రాకపోతే స్పీకర్, డ్రైవర్ బాగానే ఉన్నట్టు, లోపం సింథసైజర్‌లో ఉన్నట్టు. అప్పుడు ఇన్సర్ట్, కంట్రోల్, ఎస్ నొక్కితే సింథసైజర్ల జాబితా తెరుచుకుంటుంది. ఇంగ్లీష్ అక్షరం ఇ నొక్కి ఎంటర్ కొడితే ఈస్పీక్ ఎన్‌జీ ఎంపికవుతుంది. ఇది ఎన్‌వీడీఏతోపాటే వస్తుంది కాబట్టి వేరుగా ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. ఈ మూడు అడుగులనూ ఒక్క మాట వినకుండానే వేయవచ్చు.

మూడోది, స్వరం కూడా రాకపోతే విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కడం. దీంతో విండోస్‌లోనే ఉండే నేరేటర్ మాట్లాడటం మొదలుపెడుతుంది. నేరేటర్ మాట్లాడితే దారి బాగానే ఉంది, ఎన్‌వీడీఏను తప్పు పరికరానికి కట్టి ఉంచారన్నమాట. లేదా వాల్యూమ్ మిక్సర్‌లో దాని ధ్వని ఒక్కటే సున్నాకు దిగి ఉండవచ్చు. విండోస్ ఒక్కో ప్రోగ్రాముకు వేరుగా వాల్యూమ్ గుర్తుపెట్టుకుంటుంది. నేరేటర్ కూడా మూగగా ఉంటే లోపం పరికరంలోనో, డ్రైవర్‌లోనో, మొత్తం వాల్యూమ్‌లోనో ఉంది.

ఈ చివరి సందర్భంలో తరచు బయటపడే కారణం కొత్తగా తగిలించిన మానిటరో, ప్రొజెక్టరో. హెచ్‌డీఎంఐ తీగ బొమ్మతోపాటు శబ్దాన్ని కూడా మోస్తుంది. తీగ తగిలించగానే కొన్నిసార్లు విండోస్ శబ్దాన్ని అటు మళ్లిస్తుంది, ఆ మానిటర్‌కు స్పీకరే ఉండకపోవచ్చు. తీగ పీకి చూడటమే సులువైన పరీక్ష. కొత్త విండోస్ 11లో విండోస్, కంట్రోల్, వి నొక్కితే శబ్దం ఎటు వెళ్లాలో ఎంచుకునే చోటు నేరుగా తెరుచుకుంటుంది.

మాట ఉంది, కానీ మునిగిపోతోంది

రెండో రకం ఇబ్బందిలో మాట ఆగదు, మరో శబ్దం కింద మునిగిపోతుంది. వీడియో నడుస్తుండగా స్క్రీన్ రీడర్ మాట వినిపించాలంటే వీడియో శబ్దం తాత్కాలికంగా తగ్గాలి. ఇన్సర్ట్, షిఫ్ట్, డి నొక్కి ఈ ఏర్పాటును మార్చుకోవచ్చు: అసలు తగ్గించకపోవడం, మాట్లాడేటప్పుడు మాత్రమే తగ్గించడం, ఎప్పుడూ తగ్గించి ఉంచడం. ఇది కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకున్న ఎన్‌వీడీఏలోనే పనిచేస్తుంది, పెన్‌డ్రైవ్ నుంచి నడిపే ప్రతిలో పనిచేయదు.

దీనికి తిరగబడ్డ ఇబ్బంది ఆన్‌లైన్ సమావేశాల్లో ఎదురవుతుంది. కాల్ మొదలైందని గుర్తిస్తే విండోస్ మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించే ఏర్పాటు ఒకటి ముందే పెట్టి ఉంటుంది. చూపున్నవారికి అది సౌకర్యం. ఇక్కడ ఆ ‘మిగతా శబ్దాల్లో’ స్క్రీన్ రీడర్ గొంతు కూడా ఉండవచ్చు. పాత కంట్రోల్ ప్యానెల్‌లోని సౌండ్ విండో తెరిచి, కంట్రోల్, ట్యాబ్ కీలతో నాలుగో ట్యాబ్ అయిన కమ్యూనికేషన్స్‌కు వెళ్లి ‘డూ నథింగ్’ ఎంచుకుంటే సరిపోతుంది.

బ్లూటూత్ హెడ్‌సెట్‌కు రెండు పద్ధతులున్నాయి. ఒకటి సంగీతం వినడానికి. శబ్దం ఒకే దిశలో, మంచి నాణ్యతతో వస్తుంది. రెండోది ఫోన్ మాటల కోసం. మైకు కూడా పనిచేయాలి కాబట్టి శబ్దం నాణ్యత పడిపోతుంది. సమావేశం ప్రోగ్రాము హెడ్‌సెట్ మైకును తెరవగానే మొదటి పద్ధతి రెండోదిగా మారుతుంది, స్క్రీన్ రీడర్ గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. మైకుగా ల్యాప్‌టాప్‌దే ఎంచుకుని, హెడ్‌సెట్‌ను వినడానికి మాత్రమే వాడితే ఈ బాధ తప్పుతుంది.

మొదటి అక్షరాన్ని మింగేస్తే

వినడానికి చిన్నదిగా అనిపించినా ప్రమాదం ఎక్కువున్న లోపం ఇది. కరెంటు ఆదా కోసం ల్యాప్‌టాప్ సౌండ్ చిప్, బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కాసేపు శబ్దం లేకపోతే నిద్రలోకి జారుకుంటాయి. మళ్లీ మాట రాగానే మేలుకోవడానికి కొంత సమయం తీసుకుంటాయి. ఆ సమయంలో వచ్చిన ధ్వని పోతుంది. పాటలో అయితే ఎవరూ గమనించరు. స్క్రీన్ రీడర్ పలికేవి చిన్నచిన్న ముక్కలు. ‘అసమ్మతి’లో మొదటి అక్షరం పోతే ‘సమ్మతి’ అవుతుంది, ‘ఇన్‌వ్యాలిడ్’ కాస్తా ‘వ్యాలిడ్’ అవుతుంది. ఫారం నింపేవారికి అర్థం తలకిందులైపోతుంది.

పరికరాన్ని నిద్రపోనివ్వకపోవడమే దీనికి మందు. మాట ముగిశాక కూడా కొన్ని సెకన్లపాటు నిశ్శబ్దాన్నే ధ్వనిగా పంపుతూ ఉండే ఏర్పాటు కొత్త ఎన్‌వీడీఏ ఆడియో సెట్టింగుల్లో ఉంది. ఆ వ్యవధిని పెంచుకోవచ్చు.

మాట మధ్యలో టపటపలు వినిపిస్తే కారణం వేరు. ధ్వని ధారగా కాక చిన్నచిన్న మోతాదుల్లో డ్రైవర్‌కు చేరుతుంది. సెకనుకు 48,000 నమూనాల లెక్కన చూస్తే 10 మిల్లీసెకన్ల మోతాదులో 480 నమూనాలుంటాయి. ప్రాసెసర్ వేరే పనిలో మునిగి తర్వాతి మోతాదును సమయానికి నింపలేకపోతే ఆ ఖాళీయే టప్ మని వినిపిస్తుంది. అనవసరమైన ప్రోగ్రాములు మూసేస్తే చాలాసార్లు తగ్గుతుంది.

తెలుగు దగ్గర మాత్రమే ఆగితే

ఇంగ్లీష్ పదాలు చదివి తెలుగు వాక్యాలను దాటేస్తుంటే స్పీకర్‌ను అనుమానించనక్కరలేదు. ఎంచుకున్న గొంతుకు తెలుగు లిపి తెలియదన్నమాట. ఈస్పీక్ ఎన్‌జీకి తెలుగు వచ్చు. గొంతు కాస్త యంత్రంలా ఉన్నా, ఎంత వేగం పెంచినా అక్షరం స్పష్టంగా వినబడుతుంది కాబట్టి అలవాటైనవారు దీన్నే ఇష్టపడతారు. వెబ్‌పేజీ తయారుచేసినవారు అది తెలుగు పేజీ అని కోడ్‌లో గుర్తు పెడితే స్క్రీన్ రీడర్ దానంతట అదే తెలుగు గొంతుకు మారగలదు.

తెలుగు పత్రం చదివేటప్పుడు అర్థంలేని ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు వినిపిస్తే అది డీటీపీలో వాడే పాత ఫాంటుతో తయారైనది. అను వంటి ఫాంట్లలో కంటికి తెలుగు కనిపిస్తుంది, లోపల దాగినవి మాత్రం ఇంగ్లీష్ అక్షరాల సంకేతాలు. దీన్ని వినేవారు సరిచేయలేరు. పత్రాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి.

కీ నొక్కినా ప్లేయర్ కదలకపోతే

యూట్యూబ్‌లో కె నొక్కితే వీడియో ఆగాలి. ఎన్‌వీడీఏ వాడేవారికి అది ఆగకుండా తర్వాతి లింకు చదవడం మొదలవుతుంది. వెబ్‌పేజీని చదివే బ్రౌజ్ మోడ్‌లో అక్షరాల కీలన్నీ స్క్రీన్ రీడర్ చేతిలో ఉంటాయి; అందులో కె అంటే లింకు. ఇన్సర్ట్‌తో స్పేస్ నొక్కితే ఫోకస్ మోడ్ వస్తుంది, కీలు నేరుగా ప్లేయర్‌కు చేరతాయి. చదవడానికి తిరిగి వెళ్లాలంటే మళ్లీ అదే జంట నొక్కాలి.

ప్రోగ్రామే మూగదైతే స్క్రిప్టు

గొలుసులోని మొదటి లంకే తెగిన సందర్భాలూ ఉన్నాయి. ఒక ఆడియో ప్లేయర్‌లో ట్యాబ్ నొక్కుతూ పోతే ‘బటన్, బటన్, బటన్’ అని మాత్రమే వినిపిస్తుందనుకుందాం. బొమ్మలు గీసిన డెవలపర్ వాటికి పేర్లు పెట్టలేదు. ఏ సెట్టింగూ దీన్ని బాగుచేయలేదు, కానీ చిన్న స్క్రిప్టు బాగుచేయగలదు.

జాస్ అనే స్క్రీన్ రీడర్‌కు ఇందుకోసం సొంత స్క్రిప్టు భాష ఉంది. ఎన్‌వీడీఏ స్క్రిప్టులను పైథాన్‌లో రాస్తారు. అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో డెవలపర్ స్క్రాచ్‌ప్యాడ్‌ను అనుమతించి, అందులోని యాప్ మాడ్యూళ్ల ఫోల్డర్‌లో ఆ ప్లేయర్ ప్రోగ్రాము ఫైలు పేరుతోనే ఒక పైథాన్ ఫైలు పెట్టాలి. ప్లేయర్ తెరవగానే ఎన్‌వీడీఏ ఆ ఫైలును చదువుతుంది. అందులో రాసే మొదటి నియమం సులువైనదే: ‘ఫలానా గుర్తింపు ఉన్న బటన్ కనిపిస్తే దాని పేరు ప్లే’.

రెండో ఇబ్బంది సమయం చూపే స్లైడర్. అది సెకనుకోసారి మారుతూ, దాని మీద నిలిచినప్పుడు ‘12, 13, 14’ అంటూ పాఠం మీద మాట్లాడుతుంది. విలువ మారిందన్న కబురు వచ్చినప్పుడు దాన్ని ముందుకు పంపకుండా అక్కడే ఆపమని స్క్రిప్టులో రాస్తే ఆ గొణుగుడు ఆగుతుంది. ఎంత సమయం గడిచిందో కావలసినప్పుడు మాత్రమే చెప్పే ఒక కీని దానికి జతచేయాలి. ఆపడం ఒక్కటే చేస్తే వినేవారి నుంచి సమాచారం లాక్కున్నట్టవుతుంది.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. బటన్‌ను దాని స్థానాన్ని బట్టి గుర్తించకూడదు. ప్లేయర్ కొత్త వెర్షన్‌లో ‘ప్లే’ అని పలికే చోట ‘డిలీట్’ ఉండవచ్చు. అలాగే స్క్రీన్ రీడర్ చదవగలిగినదంతా దాని స్క్రిప్టు కూడా చదవగలదు, కాబట్టి తెలియనివారి స్క్రిప్టులను పెట్టుకోకూడదు. స్క్రిప్టు పనిచేయకపోతే ఇన్సర్ట్‌తో ఎఫ్1 నొక్కి లాగ్ తెరిస్తే తప్పు జరిగిన చోటు తెలుస్తుంది.

భారం ఎవరిది?

స్క్రిప్టు రాయగలగడం మంచి నైపుణ్యమే, కానీ పేరు లేని ప్రతి బటన్‌కూ వాడేవారే స్క్రిప్టు రాసుకోవాలనడం న్యాయం కాదు. డెవలపర్ ఒక్క పేరు చేరిస్తే ఆ ప్లేయర్ వాడే అందరికీ సమస్య తీరుతుంది. పేజీ తెరవగానే 3 సెకన్లకు మించి శబ్దం దానంతట అదే మోగితే, దాన్ని ఆపే లేదా తగ్గించే మార్గం పేజీలోనే ఉండాలని అంతర్జాతీయ వెబ్ అందుబాటు మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

స్క్రీన్ రీడర్ వాడేవారు పరీక్షకు, ఇంటర్వ్యూకు ముందు చూసుకోవలసినవి మూడు: తీగ ఉన్న ఒక ఇయర్‌ఫోన్, నేరేటర్‌ను పిలిచే కీలు, వినకుండానే ఈస్పీక్‌కు మారే మూడు అడుగులు. శబ్దం బాగా ఉన్నప్పుడే వీటిని రెండు మూడుసార్లు చేసి చూసుకుంటే, లేనప్పుడు వేళ్లే దారి చూపిస్తాయి.