అమ్మలుకు, మెనూ బొమ్మల గురించి



నీ ఉత్తరం అందింది. ఆసుపత్రి బిల్లింగ్ అప్లికేషన్‌లో ప్రతి మెనూ ఐటమ్‌కీ ఐకాన్ పెడుతున్నావనీ, బొమ్మలు వెతకడంతోనే తెల్లారిపోతోందనీ రాశావు. నువ్వు నిద్రపోవడం లేదని మీ అమ్మ ఫోన్లో ఒకటే బెంగ. నాకు నీ నిద్ర మీదా బెంగే, ఆ బొమ్మల మీదా బెంగే.

మెనూలో బొమ్మ ఎందుకమ్మా? ఇవాళ పేరు పక్కన చూసిన బొమ్మని, రేపు టూల్‌బార్‌లో పేరు లేకుండా కనబడినా మనిషి గుర్తుపట్టాలి. అందుకే టూల్‌బార్‌లో బటన్ ఉన్న పనులకే మెనూలో బొమ్మ పెట్టు. తక్కినవి అక్షరాలతోనే ఉండనీ.

నేను విజువల్ బేసిక్ రాసే రోజుల్లో మెనూ ఎడిటర్‌లో బొమ్మకు చోటే లేదు. విండోస్ ఏపీఐలో సెట్‌మెనూఐటమ్‌బిట్‌మ్యాప్స్‌ని పిలిచి, టిక్కు గుర్తు పట్టేంత జాగాలో ఇరికించేవాళ్లం. అంత శ్రమ గనక ఏది అవసరమో ముందే తేల్చుకునేవాళ్లం. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్టు గుమస్తాగారు ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవారు. మెనూలో ప్రింటర్ బొమ్మ చూసి చూసి, కొన్నాళ్లకి మెనూ తెరవకుండానే పైన బటన్ నొక్కడం మొదలుపెట్టారు.

నువ్వు వాడే క్యూటీలో ఆ తిప్పలు లేవు. ఒక్క క్యూయాక్షన్ తయారుచేసి, దానికి సెట్‌ఐకాన్ పిలిచి, దాన్నే మెనూకీ టూల్‌బార్‌కీ ఇవ్వు. రెండు చోట్లకీ విడివిడిగా చేస్తే, బిల్లు మూసేశాక మెనూలో మసకబారినది టూల్‌బార్‌లో ఇంకా పనిచేస్తూ ఉండొచ్చు. బొమ్మని ఫ్రమ్‌థీమ్‌తో తీసుకుంటే రెండో ఆర్గ్యుమెంటుగా మన సొంత బొమ్మ ఇవ్వు. నీ లినక్స్‌లో ఉన్న థీమ్ క్యాష్ కౌంటర్ మెషీన్‌లో ఉండాలని లేదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది చెత్తబుట్ట బొమ్మ. వరుస తొలగించడానికి, బిల్లు రద్దుకి, రోగి రికార్డు తీసేయడానికి మూడింటికీ అదే బొమ్మ పెట్టావట! అన్నిటికీ బొమ్మ ఉండాల్సిందే అనుకుంటే జరిగేది ఇదే తల్లీ. అన్ని పనులకీ వేరువేరు బొమ్మలు ఎక్కడ దొరుకుతాయి? రాత్రి డ్యూటీలో కళ్లు మూతలు పడుతున్న క్యాషియర్ పేరు చదవదు, బొమ్మ చూసి నొక్కుతుంది. కౌంటర్ ముందు ఎవరి అమ్మో నాన్నో డిశ్చార్జి కోసం నిలబడి ఉంటారు. ఆ చెత్తబుట్ట ఒక్క పనికే ఉంచు. రికార్డు తీసేయడానికి అసలు బొమ్మే వద్దు, పూర్తి పేరు రాయి.

అందరూ పెడుతున్నారు అంటావేమో. గ్నోమ్ వాళ్లు 2009లో మెనూ బొమ్మల్ని డిఫాల్టుగా ఆపేశారు. 2025లో యాపిల్ మాక్‌ఓఎస్ టహోలో మెనూల నిండా పెట్టింది. వాళ్లని చూసి నిర్ణయించుకోకు, నీ క్యాషియర్ని చూడు. ఒక పూట ఆమె పక్కన కూర్చో.

నీ చెయ్యి శ్రద్ధగల చెయ్యి, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మీ టీమ్ లీడ్ మెనూ బోసిగా ఉందంటే ఈ కారణాలు నెమ్మదిగా చెప్పు. ముందు రేపే మిగతా రెండు చెత్తబుట్టలు తీసెయ్. ఇవాళ మాత్రం పెందలాడే తిని పడుకో.

నీ బాబాయి