పాత నెగటివులకు తగిన స్కానర్

అనేక విద్యాసంస్థల చరిత్ర బీరువాల అడుగున నెగటివుల రూపమున పడియున్నది. వార్షికోత్సవములు, ముషాయిరాలు, క్రీడాపోటీలు, విశ్రాంతి పొందిన ఆచార్యుల ముఖములు అందున్నవి. అసిటేట్ ఫిల్ము వేడికి, తేమకు లోనైనచో క్రమముగా విచ్ఛిన్నమై అసిటిక్ ఆమ్లమును వెలువరించును. పెట్టె తెరవగానే సిర్కా వాసన వచ్చినచో క్షయము ఆరంభమైనదని గ్రహించవలెను. అటుపై దాని వేగము పెరుగునే గాని తగ్గదు. ఫిల్ము ముడుచుకొనిపోయిన పిదప ఎంతటి యంత్రమైనను ఆ చిత్రమును పూర్తిగా తిరిగి ఈయజాలదు. కనుక పరిమితమైన నిధులతోనే అయినను ఈ పని త్వరగా చేపట్టుట అవసరము.

కార్యాలయములలోని సాధారణ స్కానర్ కాగితముపై పడి పరావర్తనము చెందిన కాంతిని గ్రహించును. నెగటివునకు కాంతి దాని గుండా ప్రసరింపవలెను. అందుచేత మూతయందు దీపము గల స్కానర్ గాని, ఫిల్ముకై ప్రత్యేకించిన స్కానర్ గాని కావలెను. చౌకగా లభించు చిన్న పెట్టెలలో అనేకముల లోపల ఉన్నది చిన్న డిజిటల్ కెమెరా మాత్రమే. అవి జాబితా తయారు చేయుటకు చాలును గాని భద్రపరచుటకు చాలవు.

రెండిటిలో ఏది కొనవలెనన్నది నెగటివు పరిమాణమును బట్టి నిర్ణయించవలెను. 35 మి.మీ. ఫిల్ముపై ఒక చిత్రము 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు ఉండును. అంగుళమునకు 2400 బిందువుల చొప్పున స్కాన్ చేసినచో సుమారు 3400 బిందువుల వెడల్పు గల చిత్రము లభించును. అది 11 అంగుళముల వెడల్పున చక్కగా అచ్చువేయుటకు సరిపోవును. 120 రకపు ఫిల్ముపై చదరపు చిత్రము సుమారు 56 మి.మీ. ఉండుటచే అంతటి ఫలితము 1600 బిందువులతోనే సిద్ధించును.

పెట్టెపై ముద్రించిన సంఖ్యను మాత్రము నమ్మరాదు. ఎప్సన్ పర్ఫెక్షన్ వి600 మూతదీపపు స్కానరుకు 6400 అని ప్రకటించినను, అది వాస్తవముగా చూపు స్పష్టత సుమారు 1600 మాత్రమే. 120 ఫిల్ముకు అది చాలును. 35 మి.మీ. ఫిల్ములే అధికముగా ఉన్నచో ప్లస్టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ 8100 వంటి ప్రత్యేక స్కానర్ మేలు. దానిపై 7200 అని ఉన్నను నిజ స్పష్టత 3000కు పైబడి ఉండును. అయితే అది 120 ఫిల్మును స్వీకరింపదు.

ధూళిని తొలగించు పరారుణ కిరణ సౌకర్యమునకు అదనపు వెల చెల్లింపవలసియుండును. నలుపు తెలుపు నెగటివులలోని వెండి రేణువులు ఆ కిరణములను అడ్డగించుటచే వాటికి ఆ సౌకర్యము పనిచేయదు. రంగు నెగటివులు లేని సంస్థ ఆ ధనమును మిగుల్చుకొనవచ్చును.

కావున యంత్రము కొనుటకు ముందు విద్యార్థులు నెగటివులను పరిమాణమును బట్టి, రంగును బట్టి వేరుచేసి లెక్కింపవలెను. ఆ లెక్క చేతికి వచ్చిన పిదపనే కమిటీవారు ధరలు విచారించుట ఉచితము. స్కాన్ చేసిన చిత్రములను టిఫ్ రూపమున రెండు వేర్వేరు చోట్ల దాచి, ప్రతి చిత్రమునకు పేరు, సంవత్సరము వ్రాయవలెను. ముఖములను గుర్తింపగల పెద్దలు మన మధ్య ఉండగానే ఈ కార్యము నెరవేరవలెను.