ఎదురుగా ఒక అక్క, ఫోన్‌లో ఒక అక్క

మా పెద్దమ్మ కూతురు వాట్సాప్‌లో నాతో గంటలకొద్దీ మాట్లాడుతుంది. జోకులు వేస్తుంది, నా వ్యాసాల్లో తప్పులు పట్టుకుంటుంది. అదే అక్క పెళ్ళికి వస్తే రెండు మాటలు, ఒక నవ్వు, అంతే. ఇంటికెళ్ళాక మర్నాడంతా చీకటి గదిలో పడుకుంటుంది. "ఫోన్‌లో అంత వాగుతుంది, మనుషులు కనిపిస్తే మాత్రం ముఖం ముడుచుకుంటుంది" అని ఇంట్లో అందరూ అనేవాళ్ళు. నేనూ అన్నాను. రెండేళ్ళ క్రితం, అక్కకి 22 ఏళ్ళప్పుడు, అది ఆటిజం అని డాక్టరు చెప్పారు. అప్పట్నుంచి దీని గురించి చదువుతున్నాను. అక్క సరేనన్నాకే ఇది రాస్తున్నా. రాసింది చదివి రెండు చోట్ల కొట్టేసింది కూడా.

22 ఏళ్ళదాకా ఎవరికీ ఎందుకు తెలియలేదు? 1943లో లియో కానర్ అనే డాక్టరు అమెరికాలో 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం గురించిన చర్చ గట్టిగా మొదలైంది. ఆ 11 మందిలో 8 మంది మగపిల్లలే. ఆటిజం అంటే మగపిల్లలదే అన్న అభిప్రాయం చాలాకాలం ఉండిపోయింది. ఇంకో కారణం మాస్కింగ్, అంటే తన సహజమైన తీరును దాచి పదిమందిలా కనిపించడం. 2013లో వచ్చిన డి.ఎస్.ఎం.-5 అనే అమెరికన్ మనోవైద్య గ్రంథం కూడా, పెద్దయ్యేకొద్దీ నేర్చుకున్న ఉపాయాల వెనక లక్షణాలు మరుగున పడవచ్చని చెప్పింది.

దీన్ని కొలవడానికి లారా హల్, ఆమె తోటి పరిశోధకులు క్యాట్-క్యూ అని 25 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. అందులో మూడు భాగాలు. మొదటిది లోటు పూడ్చుకోవడం: సినిమాలు, సీరియళ్ళు చూసి ఎప్పుడు ఏం మాట్లాడాలో బట్టీపట్టడం లాంటివి. రెండోది దాచుకోవడం: ముఖాన్నీ ఒంటినీ ఎప్పుడూ అదుపులో పెట్టుకోవడం. మూడోది, ఇష్టం లేకపోయినా గుంపులో కలిసిపోయినట్టు ఉండటం.

మాస్కింగ్‌కి తెలుగు మాట ఏం పెట్టాలని చాలా ఆలోచించాను. నటన, వేషం అంటే మోసం అన్న అర్థం వస్తుంది. నాకు దగ్గరగా అనిపించింది మన ఇళ్ళల్లో ఉన్న మాటే: సర్దుకుపోవడం. "ఆడపిల్లవి, సర్దుకుపోవాలమ్మా" అని చిన్నప్పట్నుంచీ చెప్తారు. ఆ పిల్ల సర్దుకుపోతుంది కాబట్టే లోపల ఏముందో ఎవరికీ కనిపించదు.

మనమూ రోజూ మారుతుంటాం కదా, ఇంట్లో తెలుగు, బస్సులో తమిళం అని మీరు అడగొచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ అది నాకు అలసట కాదు. ఒకసారి విజయవాడ నుంచి వచ్చిన చుట్టాలు నేను "ఉండాది" అంటే పడీపడీ నవ్వారు. ఆ రెండు రోజులూ ప్రతి మాటనీ నోట్లోనే తూకం వేసి బయటికి వదిలాను. వాళ్ళు వెళ్ళాక తలనొప్పి. అక్కకి చుట్టాలు వెళ్ళిపోవడం అనేది ఉండదు.

ఎదురుగా ఉన్నప్పుడు అక్క ఒకేసారి చేసే పనులు ఆమే నాకు చెప్పింది. కళ్ళలోకి చూడాలి, కానీ మరీ ఎక్కువసేపు కాదు. చేతులు ఊపకూడదు. ఎదుటివాళ్ళు నవ్వగానే నవ్వాలి. ఫ్యాన్ చప్పుడు, మల్లెపూల వాసన, పక్కవాళ్ళ మాటలు అన్నీ ఒకే జోరుగా వచ్చి పడుతుంటే వాటి మధ్య తన వంతు ఎప్పుడొస్తుందో కనిపెట్టాలి. ఇన్ని చేశాక చెప్పాలనుకున్న మాటకి చోటెక్కడ? ఫోన్‌లో రాసేటప్పుడు ముఖం అక్కర్లేదు, గొంతు అక్కర్లేదు. పది నిమిషాలు ఆలోచించి జవాబివ్వచ్చు, చెరిపి మళ్ళీ రాయొచ్చు. కాబట్టి మేం అనుకున్నది తలకిందులు. వాట్సాప్‌లో వాగే అక్కే అసలు అక్క, పెళ్ళిలో నవ్విన అక్కే ముసుగు.

అలాగని ఫోన్‌లో ముసుగే లేదనుకుంటే పొరపాటు. "సరే" అని ఒక్క మాట రాస్తే కోపం వచ్చిందనుకుంటారని పక్కన ఒక నవ్వు బొమ్మ పెడుతుందట. నీలి టిక్కులు పడ్డాక జవాబు ఆలస్యమైతే గాభరా. క్లాసు గ్రూపులో అందరూ ఒక్కసారి రాస్తుంటే అదీ పెళ్ళిపందిరే. వీడియో కాల్ అయితే ఇంకా ఘోరం. స్క్రీను మూల తన ముఖం తనకే కనిపిస్తుంటే ముసుగు సరిగ్గా ఉందా లేదా అని చూసుకుంటూనే కూర్చోవాలి.

ఇలా ఏళ్ళ తరబడి సర్దుకుపోవడానికీ ఆందోళన, కుంగుబాటులకీ సంబంధం ఉందని పరిశోధనల్లో తేలింది. 2012లో డేమియన్ మిల్టన్, తానూ ఆటిస్టిక్ అయిన పరిశోధకుడు, ఇంకో మాట అన్నాడు: అర్థం చేసుకోలేకపోవడం ఒక పక్షానిదే కాదు, రెండు వైపులా ఉంది. ఇది చదివినప్పుడు నాకు సిగ్గేసింది. అక్క మమ్మల్ని అర్థం చేసుకోవడానికి ఇరవై ఏళ్ళు కష్టపడింది. మేం ఒక్క రోజూ పడలేదు.

పోయిన నెల మా ఇంట్లో గృహప్రవేశం. ఎవరెవరు వస్తారు, ఏ గది ఖాళీగా ఉంటుంది అన్నీ ముందే అక్కకి మెసేజ్ పెట్టాను. వచ్చింది. వెనక వరండాలో నాతో కూర్చుని, తల ఎత్తకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా చిక్కుడుకాయలు ఒలిచింది. పెద్దమ్మ రెండుసార్లు వచ్చి చూసింది, ఏమీ అనలేదు. రాత్రి పదకొండింటికి అక్క దగ్గర్నుంచి పేజీన్నర మెసేజ్ వచ్చింది, సాంబారులో ఉప్పు ఎందుకు ఎక్కువైందో వివరిస్తూ.