బ్లేడు తగిలిన చర్మానికి ఏం చేయాలి?



వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమంటే మనలో చాలామంది పర్యావరణం మీదో, క్రమశిక్షణ మీదో రాస్తారు. నేను కాళ్ల మీద వెంట్రుకలు గీసుకున్నాక చర్మాన్ని ఎలా చూసుకోవాలో రాస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఆడపిల్లల హాస్టళ్లలో ఈ పని తలుపు గడియ వేసుకుని, గబగబా, ఎవరో వాడేసిన బ్లేడుతో జరుగుతుంది. తర్వాత గుల్లలు లేచి చీము పట్టినా వార్డెన్ మేడమ్‌కు చెప్పరు. అమ్మానాన్నలు సుగ్గికని గుంటూరు వైపు పోయి ఉంటే చెప్పుకోవడానికి ఇంట్లో మనిషే ఉండరు. మా ఇంట్లో డిగ్రీ దాటి చదివింది నేనొక్కదాన్నే కాబట్టి ఇలాంటివి అడగడానికి నాకూ ఎవరూ లేరు. అందుకే రాస్తున్నాను. గడ్డం గీసుకునే తమ్ముళ్లకూ, శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామికి తలనీలాలిచ్చి గుండుతో హాస్టలుకు తిరిగొచ్చేవాళ్లకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ముందు ఒక సంగతి. కాళ్ల మీద నూగు ఉండటం మురికీ కాదు, జబ్బూ కాదు. తీయాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇది ఎప్పటినుంచో ఉన్న నియమమేమీ కాదు. అమెరికాలో జిల్లెట్ అనే ఆయన మార్చుకునే బ్లేడు ఉన్న రేజరుకు 1904లో పేటెంటు పొందాడు. 1915లో ఆ కంపెనీ ఆడవాళ్ల కోసమని వేరే రేజరు తెచ్చింది. అంతకుముందు అక్కడి ఆడవాళ్ల గౌన్లు పాదాల దాకా ఉండేవి, కాళ్లు చూసేవాళ్లే లేరు. గౌన్లు పొట్టివైనాయి, రెండో ప్రపంచ యుద్ధంలో నైలాన్ అంతా పారాచూట్లకు పోయి కాలిమేజోళ్లకు కరువొచ్చింది, దాంతో ఉత్త కాళ్లు నున్నగా కనిపించాలన్న మోజు బాగా పెరిగింది. ఇక గీస్తే వెంట్రుకలు మందంగా వస్తాయన్న మాట మన దగ్గర అందరూ అంటారు. మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1928లోనే దీన్ని పరీక్షించి, అది నిజం కాదని తేల్చింది. వెంట్రుక కొన సహజంగా సన్నగా ఉంటుంది. బ్లేడు దాన్ని మధ్యలో అడ్డంగా కోస్తుంది కాబట్టి మొద్దు కొన పైకి వచ్చి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

మరి బ్లేడు చర్మాన్ని ఏం చేస్తుంది? చర్మం పైన మృతకణాల పొర ఒకటి ఉంటుంది. కాళ్ల మీద దాని మందం మిల్లీమీటరులో నూరో వంతు, మహా అయితే యాభయ్యో వంతు. లోపలి తడిని బయటికి పోనీకుండా, బయటి క్రిములను లోపలికి రానీకుండా కాపాడేది అదే. బ్లేడు వెంట్రుకతో పాటు ఈ పొరను కూడా కొంత చెక్కేస్తుంది, కంటికి కనపడని గాట్లు పెడుతుంది. నీళ్లు తగిలితే చురచురమనేది అందుకే. చర్మం స్వభావం కొంచెం ఆమ్లం, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. సబ్బు క్షారం, 9 నుంచి 10 దాకా పోతుంది. బట్టల సబ్బు రాసి గీస్తే చర్మం పొడిబారి పగలడం ఖాయం.

మన వైపు ఇంకో చిక్కు బోరు నీళ్లు. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో చాలా బోర్ల నీళ్లు కఠినజలమే. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి, నురగ రాదు. నురగ లేకుండా గీస్తే బ్లేడు జారదు, కోస్తుంది. తుంగభద్ర కాలువ నీళ్లు కుళాయిలో వచ్చిన రోజు ఈ పని పెట్టుకోండి. లేదంటే ఒక చెంబు నీళ్లు మరగబెట్టి తేరుకోనిస్తే కాఠిన్యం కొంత తగ్గుతుంది. గోరువెచ్చటి నీళ్లతో రెండు మూడు నిమిషాలు తడిపి, మెత్తబడ్డాక, వెంట్రుక పెరిగిన వైపుకే మెల్లగా గీయాలి. ఎదురు గీస్తే నున్నగా వస్తుంది గానీ గుల్లలు కూడా వస్తాయి.

గీసిన తర్వాత చల్లటి నీళ్లు పోసుకోవాలి. మెత్తటి నూలు తువ్వాలుతో అద్దాలి గానీ రుద్దకూడదు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సంఘం పెట్టిన ఎమ్మిగనూరు మన పక్కనే ఉంది, మంచి నూలు తువ్వాలుకు మనకేం కొరత! తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రెండు చుక్కలో, వాసన లేని వ్యాజిలైనో పలుచగా పూస్తే పోయిన పొరకు బదులుగా కొంత కాపు కాస్తుంది. మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం నూనె వద్దు. ఆ రోజంతా బిగుతు లెగ్గిన్లు వేసుకోకండి. మరుసటి రోజు ఆదివారమని పత్తి తీయడానికో, మిరపచేనుకో పోయే పని ఉంటే అసలు గీయనే వద్దు. పత్తికట్టె గీరుకున్నా, మిరప ఘాటు తగిలినా ఆ కాళ్లు రాత్రంతా నిద్రపోనివ్వవు.

డెటాల్ నీళ్లు కలపకుండా పోస్తే క్రిములతో పాటు చర్మం కూడా కాలుతుంది. నిమ్మచెక్క రుద్దడం ఇంకా ప్రమాదం. నిమ్మరసం ఉన్న చర్మానికి ఎండ తగిలితే బొబ్బలు లేచి, నల్లమచ్చలు నెలల తరబడి ఉంటాయి. మే నెలలో మన ఎండ నలభై డిగ్రీలు దాటుతుందని మీకు చెప్పక్కర్లేదు. పటిక మంచిదే. చిన్న గాటు నుంచి వచ్చే రక్తాన్ని ఆపుతుంది. కానీ రూములో అందరికీ ఒకటే పటిక ముక్క ఉంటే అది ఒకరి రక్తాన్ని ఇంకొకరికి పూయడమే.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. రేజరును అక్కచెల్లెళ్ల మధ్య కూడా పంచుకోకూడదు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. ఆ మరక మన కంటికి కనపడకపోవచ్చు. దీని టీకా దేశమంతటా చిన్నపిల్లలకు ఇవ్వడం 2011 నాటికి గానీ పూర్తి కాలేదు. అంతకుముందు పుట్టిన మనలో టీకా పడనివాళ్లు చాలామంది ఉంటారు. సెలూన్‌కు పోయే తమ్ముళ్లు కొత్త బ్లేడు వేయమని అడగడానికి మొహమాట పడొద్దు. సొంత రేజరు కూడా ఐదారు సార్లకు మించి వాడకుండా, కడిగి, బాత్రూములో కాక పొడిచోట పెట్టుకోండి.

గుల్లల సంగతి. వంకీ తిరిగిన వెంట్రుక మళ్లీ చర్మంలోకే గుచ్చుకుంటే ఎర్రటి గుల్ల లేస్తుంది. సూదితో పొడవకండి. గీయడం కొన్ని వారాలు మానేసి, రోజూ గోరువెచ్చటి తడిగుడ్డ పెడితే చాలావరకు వాటంతటవే పోతాయి. ఇక్కడే చాలామంది మందుల షాపుకు పోయి దురదకు, మచ్చలకు అని ఒక ట్యూబు తెచ్చుకుంటారు. అందులో బెటామెథాసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ ఉందేమో చదవండి. రెండు రోజుల్లో ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, వాడేకొద్దీ చర్మం పలుచబడుతుంది. ఉన్నది తామర అయితే అణగినట్టే అణిగి ఒళ్లంతా పాకుతుంది. ఇలాంటి క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన తెచ్చింది. అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు.

ఎరుపు పాకుతున్నట్టు అనుమానం వస్తే దాని అంచు చుట్టూ పెన్నుతో గీత గీయండి. తెల్లారేసరికి ఎరుపు గీత దాటినా, జ్వరం వచ్చినా, గజ్జల్లో బిళ్ల కట్టినా ఇక ఆగొద్దు. వార్డెన్‌కు చెప్పి ఆదోని ఏరియా ఆసుపత్రికో, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికో పోయి ఓపీ చీటీ తీసుకోండి. తుప్పు బ్లేడు గాటైతే ధనుర్వాతం సూది సంగతి కూడా అడగండి. ఏ బ్లేడు వాడారో, ఎన్ని రోజులైందో, ఏం పూశారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. వాడిన క్రీము ట్యూబు వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది.