విద్యుత్ కారుకు మజిలీ

ప్రయాణ సాధనం ఏదైనా దానికి దారిలో ఆహారం కావలసిందే. ఎద్దుకు గడ్డి, నీరు ఎట్లాగో, పెట్రోలు కారుకు బంకు అట్లాగు. విద్యుత్ కారుకు ఛార్జింగు కేంద్రమే మజిలీ. కారు కొనడం వ్యక్తి చేతిలోని పని. మజిలీని నెలకొల్పడం సమాజం చేతిలోని పని. నేటి చిక్కు ఈ రెండింటి నడుమనే ఉన్నది.

ప్రభుత్వ ప్రోత్సాహం లేకపోలేదు. తెలంగాణ ప్రభుత్వం 2020 అక్టోబరులో విద్యుత్ వాహన విధానాన్ని ప్రకటించింది. 2024 నవంబరులో ఈ వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుముల నుండి 2026 డిసెంబరు వరకు మినహాయింపునిచ్చింది. కేంద్ర విద్యుత్ శాఖ 2018 నాటి మార్గదర్శకాలలో రహదారుల వెంట ఇరువైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక కేంద్రం ఉండాలని నిర్దేశించింది.

ఆర్మూరు నుండి కోరుట్ల, జగిత్యాలల మీదుగా మంచిర్యాల వైపు సాగే 63వ జాతీయ రహదారికి ఈ లెక్క మిక్కిలి ముఖ్యం. ఈ ప్రాంతం నుండి గల్ఫ్ దేశాలకు వలసపోయేవారు ఎందరో. వారిని శంషాబాదు విమానాశ్రయంలో దింపి, తెల్లవారేసరికి తిరిగి రావలసిన టాక్సీ డ్రైవరుకు కాలమే కూలి. దారిలో ఛార్జరు కోసం నిరీక్షిస్తే అతని బతుకుబండి సాగదు.

ఛార్జింగులో వేగానికి, భారానికి విడదీయరాని సంబంధం ఉన్నది. 40 యూనిట్ల బ్యాటరీ ఇంటివద్ద 3.3 కిలోవాట్ల చొప్పున నిండడానికి 12 గంటలకు పైగా పడుతుంది. 60 కిలోవాట్ల ఛార్జరు ఆ పనిని చాలామేరకు గంటలోపే ముగిస్తుంది. అయితే 60 కిలోవాట్లంటే 1 హెచ్.పి. మోటారుతో నడిచే 80 మరమగ్గాలు ఒక్కసారిగా తిరిగినంత భారం, 5 హెచ్.పి. వ్యవసాయ మోటార్లు 16 నడిచినంత భారం. అందుకు తగిన ట్రాన్స్‌ఫార్మరు, బలమైన తీగలు కావాలి. కార్లు లేనిదే ఆ పెట్టుబడి పెట్టేవారు రారు. కేంద్రాలు లేనిదే కార్లు కొనేవారు రారు. విత్తు ముందా, చెట్టు ముందా అన్నట్లున్నది ఈ స్థితి.

ఇటువంటి చిక్కును ఈ ప్రాంతం మునుపే ఎదుర్కొన్నది. చెదురుమదురుగా ఉన్న పల్లెలకు తీగలు లాగితే రాబడి ఎక్కడిదన్న శంక ఒకనాడు ఉండేది. 1969లో ఏర్పడిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ తోడ్పాటుతో 1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం వెలసింది. దేశంలో ప్రయోగాత్మకంగా నెలకొల్పిన తొలి 5 గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలలో ఇది ఒకటి. ఇందులో వినియోగదారులే సభ్యులు. గిరాకీ వచ్చేదాకా తీగ ఆగలేదు. తీగ వచ్చిన పల్లెకు మోటారు వచ్చింది.

ఆ అనుభవం నేటికీ దారి చూపగలదు. బస్టాండు, మార్కెట్ యార్డు వంటి పదిమంది చేరే చోట్ల ఉమ్మడి పెట్టుబడితో కేంద్రాలను నెలకొల్పవచ్చు. పగటి సౌరవిద్యుత్తును వాటికి జోడించవచ్చు. తొందరలేని వాహనాలను రాత్రివేళ మెల్లగా నింపుకోవచ్చు. అయితే ఒకరి కారు కదలడానికి రైతు మోటారు గాని, నేతన్న మగ్గం గాని ఆగరాదు. నలుగురికీ చాలినంత వెలుగును సమకూర్చినప్పుడే కొత్త బండి ఊరి బండి కాగలదు.